రామచంద్రం సారు కనిపెట్టిన నాచు

మా పాలమూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రామచంద్రం సారుకు చదువు కన్నా పేరు మీద ప్రేమ ఎక్కువ. 1963లో మన్ననూరు అడవి నుంచి పుచ్చిన దుంగ ఒకటి మోసుకొచ్చి, దాని మీది నాచు లోకంలో ఎవరూ చూడని జాతి అన్నాడు. దానికి తన పేరే పెడతానన్నాడు. తల్లి పెట్టిన పేరు మనుషుల్లో చాలలేదు కాబోలు.

నేను ఆయన కింద డిమాన్‌స్ట్రేటర్‌ని. నా ఉద్యోగం పర్మినెంటు కావాలంటే ఆయన సిఫారసు చేయాలి. అయినా నోరు ఊరుకోలేదు.

"సార్, బీజాలుండే గుళికలు రాకుండ నాచు జాతి చెప్పలేం. వానలు పడేదాక ఆగుదాం."

"నీకు భయమెక్కువ మంజులతా. గా బంగారు రంగు చూడు. ఏ నాచుకన్న ఉన్నదా?"

తెచ్చిన రోజు పచ్చగానే ఉంది కదా అంటే, ముదిరితే రంగు తిరుగుతుందన్నాడు. కాలేజీలో ఉంచితే ఎవరో కొట్టేస్తారని దుంగను మొదటి నుంచీ ఇంట్లోనే పెట్టుకున్నాడు. కుళ్లిన కట్టెను దొంగిలించే మగాడు జిల్లాలో ఎవడున్నాడో! తడి ఆరనీయొద్దని భార్య సుగుణమ్మకు హుకుం జారీ చేశాడు.

నాచుల మీద పనిచేసే పెద్దాయన ఒకరు హైదరాబాదు నుంచి సారు ఇంటికొచ్చాడు. ఎండాకాలంలో సారు కోటు తొడిగాడు, సాయానికి నన్నూ పిలిచాడు. పెద్దాయన రెమ్మ ఒకటి గాజుపలక మీద పెట్టి, ఆకులు విచ్చుకోవడానికి సున్నంలాంటి గుణమున్న పొటాష్ నీళ్ల చుక్క వేశాడు. రెమ్మ పారాణిలా ఎర్రబడింది.

"చూసిన్రా! గిది ఇంకో లక్షణం!" అని సారు గంతేశాడు.

నాకు నవ్వాగలేదు. పసుపులో సున్నం కలిపే ఏ ఇంట్లోనైనా తెలిసే ఎరుపది. పెద్దాయన సుగుణమ్మను పిలిచి, దుంగ ఎక్కడుంచారమ్మా అనడిగాడు.

"గడప పక్కన. తడి ఉండాలన్నరు గద. దినాం గడప కడిగి పసుపు రాస్తా. గా నీళ్లే దాని మీదికి పోతయి."

"ఆకు చూస్తే అడవి నిండా ఉండే మామూలు నాచే," అన్నాడు పెద్దాయన.

సారు మొహం మాడిపోయింది. "తెలివి లేనిదానా! నా శాస్త్రమంత నాశనం చేసినవ్!" అని పరాయివాళ్ల ముందే అరిచాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

"అక్క గడపకు పసుపు రాసింది సార్, గంతే. కొత్త జాతి అని పేరు పెట్టుకున్నది మీరు."

సిఫారసు రాలేదు. నేను షాద్‌నగర్ బడిలో టీచరుగా చేరాను. సారు మాత్రం, భార్య అడ్డం పడకపోతే గొప్ప శాస్త్రవేత్తనయ్యేవాణ్ణని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడట, సుగుణమ్మ వడ్డించిన అన్నం తింటూనే.