కట్టని పన్నులో మినహాయింపు

పేటలో అందరూ అతన్ని సోలార్ మేస్త్రి అనేవారు. పన్నెండేళ్లుగా డాబాలెక్కి సోలార్ పలకలు బిగించడమే అతని పని. కరెంటు బిల్లు తగ్గిందని ఇంటివాళ్లు మురిసిపోతుంటే, తన చేతి చలవే కదా అని అతనూ మురిసిపోయేవాడు. అతనుండేది మాత్రం రేకుల ఇంట్లో. మధ్యాహ్నమయ్యేసరికి ఆ ఒంటిగది పొయ్యి మీది పెనమే.

ఆ గదిలోనే తల్లి మంచం. ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకు ఉంటేనే ఆమెకు ఊపిరి. వేసవిలో కరెంటు చెప్పాపెట్టకుండా పోయేది. అప్పుడు చిన్న సిలిండరే దిక్కు. అది గంటకు మించి రాదు.

"ఊరందరికీ పెడతావు. మనకొకటి పెట్టుకోలేవురా?" అంది తల్లి ఓ రోజు.

మర్నాడే అతను సెలవు పెట్టి సబ్సిడీ ఆఫీసుకు వెళ్లాడు. గుమస్తా మంచివాడే. కూర్చోబెట్టి మరీ అడిగాడు.

"ఇల్లు మీ పేరునే ఉందా?"

"అద్దెదండి."

"పోనీ, ఓనరు చేత రాయించుకు రండి. శ్లాబేనా?"

"రేకులండి."

"రేకులకు సబ్సిడీ రాదయ్యా. పన్ను మినహాయింపైతే ఉంది. ఏడాదికి పన్నెంత కడతారు?"

"పన్ను కట్టేంత జీతం లేదండి."

"కట్టని పన్నులో ఏం తగ్గించమంటారు?" గుమస్తా నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయాడు.

వారం తిరక్కుండానే అతనికి ఓ పెద్ద మేడ మీద పని పడింది. తాళం తీసిచ్చిన యజమాని, "పన్నులో కలిసొస్తుందని పెట్టిస్తున్నానోయ్. నేనిక్కడికి ఏడాదికి రెండుసార్లు వస్తే ఎక్కువ," అన్నాడు. పలకలు బిగించి, బ్యాటరీ కలిపి మేస్త్రి స్విచ్ వేశాడు. మనిషి మసలని గదుల్లో లైట్లు వెలిగాయి.

అప్పుడే భార్య ఫోను. "కరెంటు పోయి రెండు గంటలైంది. సిలిండరు అయిపోయింది. అంబులెన్సు ఇంకా రాలేదు. అత్తయ్య..."

అతను ఇల్లు చేరేసరికి కరెంటొచ్చింది. మిషన్ తిరుగుతోంది. తల్లి ముక్కుకు గొట్టం అలాగే ఉంది. పీల్చడానికి ఆమె లేదు.

నెల తర్వాత, వెయ్యో ఇల్లు పూర్తయిందని అతను పనిచేసే కంపెనీ సభ పెట్టింది. సబ్సిడీలు చూసే ఉన్నతాధికారి, ఓ పెద్దావిడ, ముఖ్య అతిథిగా వచ్చింది. పథకం గురించి రెండు మంచి మాటలు చెప్పమని మేస్త్రిని వేదికెక్కించారు.

"పథకం మంచిదేనండి. నా కూడు అందులోంచే వస్తోంది," అన్నాడతను. "మా అమ్మకు రెండు పలకలు, ఓ బ్యాటరీ సరిపోయేవి. పెట్టడం నాకు రాక కాదు. డాబా లేదు, పన్ను లేదు కాబట్టి మాకు రాయితీ లేదన్నారు. ఎవరూ ఉండని ఇంటికి మాత్రం ఉంది. అమ్మ పోయిన పూట నేను ఆ ఇంటి మీదే ఉన్నాను."

అధికారి తన ఉపన్యాసం కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"ఆ నిబంధనలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను బాబూ. అద్దె గదులు, రేకుల ఇళ్లు మాకు గుర్తుకే రాలేదు. మార్చమని రాస్తాను. ఎప్పటికి మారతాయో మాత్రం చెప్పలేను," అంది మెల్లగా.

అతను దణ్ణం పెట్టి దిగిపోయాడు. ఆ నిబంధనలు ఇంకా మారలేదు.

సాయానికి నిబంధనలు రాసే పెద్దలారా, కలం పట్టేముందు ఓ మిట్టమధ్యాహ్నం రేకుల ఇంట్లో కాసేపు కూర్చోండి. సాయం ఎవరికి ముందు అందాలో అక్కడ తెలుస్తుంది.