దాసయ్య డబ్బా

దాసయ్య పాత బిస్కట్ డబ్బాను దస్తీతో తుడిచాడు. లోపల పరిచిన గుడ్డముక్కను సర్ది మూత పెట్టాడు. మూత నడుమ చింతగింజ పట్టేంత చిల్లుంది.

చిక్కడపల్లి సందులో మేడమీది కౌన్సెలింగ్ కేంద్రానికి అతను పదకొండేళ్లుగా అటెండరు. ఊరిబడిలో ఏడోతరగతి చదివాడు. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉంటాడు. అతని నోట “పరవాలేదు” అన్న మాట వస్తే అదే సన్మానం. భార్య హనుమమ్మ పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చినవాళ్లలో ఒక్కరిని కూడా అతను ఇంకా క్షమించలేదు.

‘మీ కౌన్సెలర్ మీ పద్ధతులను అర్థం చేసుకున్నారా? అయిదుకు ఎన్ని మార్కులు?’ అని కేంద్రంవాళ్లు ఒక కాగితం అచ్చు వేశారు. అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు మొహమాటం లేకుండా రెండు వేసి పోయేవాళ్లు. బస్తీ కూలీలకు దాసయ్య చదివి వినిపిస్తే మాత్రం అందరిదీ ఒకటే మాట: “అయిదెయ్యి సారూ.” కూర్చోబెట్టి చాయ్ తాపిన మనిషికి తక్కువ వేస్తే పాపమని వాళ్ల లెక్క. అయిదు వేసినవాళ్లలో సగంమంది మళ్లీ మెట్లెక్కలేదు. కాగితాలు చూసి పైవాళ్లు మురిశారు. దాసయ్య మురవలేదు.

డబ్బా పెట్టింది అందుకే. మనిషికి అయిదు చింతగింజలిచ్చి అతను గోడవైపు తిరిగి నిలబడతాడు. మనసుకు తోచినన్ని డబ్బాలో వేసి, మిగిలినవి కొంగున ముడేసుకుని పోవచ్చు. గుడ్డ ఉండబట్టి చప్పుడు కాదు.

ఆ మధ్యాహ్నం కౌన్సెలర్ మాధురి మేడం గదిలోంచి బాలనాగమ్మ బయటికి వచ్చింది. పాలమూరు మనిషి. రాంనగర్‌లో ఇటుకలు మోస్తుంది. పెనిమిటి ఈదయ్య పరంజా మీదనుంచి పడి చనిపోయి నాలుగు నెలలు. ఆమెకు నిద్ర లేదు.

గింజలు వేసిందే గాని కదలలేదు.

“ఆయమ్మ మంచిదే అన్నా. నేను రోజు ఆయనకు ఓ ముద్ద తీసి పెడ్తనంటే, జర బందుచెయ్యమన్నది. పోయినోని యాదిల ఉంటే పానం కుదుటపడదంట. సద్దిడబ్బా ఇప్పకుండనే పాయె అన్నా. ఆకలి మీద పోయిండు.”

“మల్ల బుధవారం వస్తవా?”

“రాను.”

“మేడంకు చెప్పనా?”

“నువ్వే చెప్పు. నాకు నోరు రాదు.” మెట్లు దిగిపోయింది.

దాసయ్య డబ్బా తీసుకెళ్లి మాధురి ముందు పెట్టాడు. ఒకే గింజ. ఆమె ముఖం పాలిపోయింది.

“నేను చదువుకున్నదే చెప్పిన దాసయ్య గారూ.”

“చదువు తప్పుగాదమ్మా. ముద్ద ఎందుకు పెడ్తున్నవని అడిగినవా? ఆయన ఏం తింటుండెనో అడిగినవా?”

“లేదు.”

“ఆయన సద్ది తినకుండనే పోయిండు.”

మాధురి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. దాసయ్య కిటికీలోంచి చూశాడు. నారాయణగూడ వైపు పోతున్న బాలనాగమ్మను ఆమె చాయ్ బండి దగ్గర అందుకుంది. ఇద్దరూ అరుగుమీద కూర్చున్నారు. మేడం మాట్లాడటం లేదు, వింటోంది. కాసేపటికి బాలనాగమ్మ రెండు చేతులూ చాపి ఏదో కొలత చూపించింది. జొన్నరొట్టె అంత. దాసయ్య కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

సాయంత్రం మాధురి అరికాళ్లు కడుక్కుంటూ చెప్పింది.

“బుధవారం వస్తదట. ఆ సద్దిడబ్బా తెమ్మన్న.”

“పరవాలేదు,” అన్నాడు దాసయ్య.

ఆమె నవ్వింది. “మరి నాకు మీరెన్ని వేస్తరు?”

“పదకొండేండ్లల్ల నన్నెవరడిగిన్రు మేడం? మీరు పోన్రి. నేను తాళమేసి పోత.”

మరునాడు అతను రాలేదు. రాత్రి పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడని, రాంనగర్‌లో కిరాయి గది ఇచ్చినామె ఫోన్ చేసి చెప్పింది.

మాధురి అతని బల్ల దగ్గరికి వెళ్లింది. డబ్బా తుడిచి ఉంది. మూత తియ్యాల్సిన పని లేకపోయింది. పక్కనే, దాచకుండా, అయిదింట్లో మిగిలిన ఒక్క చింతగింజ ఉంది.