నయం కానివారు

ప్రకృతి వైద్యులంతా పేరు నమోదు చేసుకోవాలని, నంబరు లేనివాళ్ళు బోర్డు దింపేయాలని ఉత్తర్వు వచ్చిన ఏడాది, చిత్తూరులో ఆ దరఖాస్తులు చూసే గుమాస్తాను నేనే. పట్టా లేకపోయినా పదేళ్ళుగా వైద్యం చేస్తున్నట్టు రుజువు చూపితే చాలు. ఫారంలో రెండు గళ్ళు: నయమైనవారు, నయం కానివారు. మొదటిది చాలక అందరూ వెనక కాగితాలు కుట్టారు. రెండోదాంట్లో ఒక్కడంటే ఒక్కడు పేరు రాయలేదు. మట్టిపట్టీలతో, నిమ్మరసంతో జిల్లా జిల్లా అంతా బాగైపోయిందట! చదువుతుంటే ఒళ్ళు మండేది.

నేను ఎదురుచూస్తున్నది ఒకే ఒక్క దరఖాస్తు కోసం. అది వడమాలపేట మునివెంకటప్పది. నాలుగేళ్ళ కిందట మా అమ్మ కుప్పమ్మ కాలిపుండుతో ఆయన పాకలో ఇరవై రోజులుండి, చివరికి తిరుపతి ఆస్పత్రిలో పోయింది. ఆయనే చంపాడని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ఆయన ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు.

దరఖాస్తులకు ఆఖరి రోజున వచ్చాడు. నన్ను చూసి తడబడ్డాడు.

"గంగాధరం, నువ్వా అప్పా ఈడ ఉండేది?"

"ఫారం ఇచ్చి వెళ్ళండి."

"నంబరు రాకపోతే పాక మూసుకోవాల. నాకు ఇంకో పని తెలీదు. నీకు న్యాయమనిపించింది చెయ్యప్పా."

ఆయన గడప దాటగానే నేరుగా రెండో గడి చూశాను. అది ఖాళీగా ఉంటే అబద్ధపు దరఖాస్తని రాసి కొట్టేయాలని ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను.

గడి ఖాళీగా లేదు. "కుప్పమ్మ. చక్కెర జబ్బు, కాలిపుండు. ఆస్పత్రికి పంపడంలో ఆలస్యమైంది. చనిపోయింది. తప్పు నాది."

దాన్ని అలాగే పైకి పంపితే సరిపోతుంది. తప్పు ఒప్పుకున్నవాడికి నంబరెవరిస్తారు? సంతోషం కలగాలి. కలగలేదు.

ఎందుకంటే ఆయన రాయని సంగతి ఒకటుంది. అమ్మ చేరిన మూడోనాడే నన్ను పాక బయటికి పిలిచి, "కాలు నల్లబడతా ఉండాది. ఇది నాతో అయ్యేది కాదప్పా. ఈ పొద్దే ఆస్పత్రికి తీసకపో" అన్నాడు. వారం తర్వాత మళ్ళీ చెప్పాడు. ఆస్పత్రిలో కాలు తీసేస్తారని అమ్మకు భయం. "నన్ను కుంటిదాన్ని చెయ్యొద్దు నాయనా" అని ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక, ఇక్కడే ఉంచుకోమని ఆయన కాళ్ళు పట్టుకున్నది నేను. ఈ మాట నా భార్య మునిలక్ష్మికి కూడా చెప్పలేదు.

దరఖాస్తు మీద నోటు రాశాను: "ఆస్పత్రికి తీసుకుపొమ్మని ఈయన రెండుసార్లు చెప్పారు. రోగి తరఫువారు వినలేదు. నమోదు చేయవచ్చు."

సూపరింటెండెంటు చెంగయ్య గారు చదివి కాగితం వెనక్కి తోశారు.

"ఇదంతా నీకెట్ట తెలుసునయ్యా? విననిదెవురు? పేరు లేకపోతే పైన ఒప్పుకోరు."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. తర్వాత 'రోగి తరఫువారు' కొట్టేసి, దాని మీద 'ఆమె కొడుకునైన నేను' అని రాసి సంతకం పెట్టాను.

చెంగయ్య గారు సంతకం చూసి, నా ముఖం చూసి, కుర్చీలోంచి లేచారు. నాలుగేళ్ళుగా మునివెంకటప్పను తిట్టడంతోనే సరిపోయింది నాకు. అమ్మ కోసం ఏడవడం ఆ రోజే మొదలైంది.