పదిహేడో నెంబరు కుర్చీ

“మూడు నెలలు. మూడంటే మూడే. అప్పటికి మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు రాకపోతే నన్ను ఈ సందులోకి అడుగు పెట్టనివ్వకండి.”

ఎమ్మెల్యే ఈ మాట అని అయిదేళ్లయింది. అన్నప్పుడు ఆయన ఎక్కి నిలబడ్డ ప్లాస్టిక్ కుర్చీ ఇంకా సందు మధ్యలోనే ఉంది. ఆ ఊళ్లో అంతే. ఓట్లడిగే మనిషి కుర్చీ ఎక్కి మాటిస్తే, మాట నెరవేరేదాకా కుర్చీ కదలదు. నలుగురు పట్టినా కదలదు, లారీకి కట్టి లాగినా కదలదు. ఒక్కో ఎన్నికకు కొన్ని చొప్పున ఆ సందులో పదకొండు కుర్చీలు పాతుకుపోయాయి. పిల్లలు వాటి మధ్య సైకిల్ నేర్చుకుంటారు. కుక్కలు వాటి కింద పడుకుంటాయి. నీళ్ల ట్యాంకర్ మాత్రం లోపలికి దూరలేక సందు మొదట్లోనే ఆగుతుంది. నీళ్లు తెస్తామన్న మాటలే నీళ్లకు అడ్డం పడ్డాయని ఎవరూ పైకి అనరు.

ఇస్త్రీ అక్క రోజూ పొద్దున్నే కుర్చీల్ని తప్పించుకుంటూ పన్నెండు బిందెలు మోసుకొస్తుంది. లాడ్జి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చెయ్యడం ఆమె బతుకుతెరువు. పోయిన నెల ఒక కుర్చీ కాలు తట్టుకుని పడింది. మోకాలు వాచింది. దుప్పట్లు ఇంకోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానని లాడ్జి మేనేజరు చెప్పేశాడు.

ఆమె తమ్ముడు లైబ్రరీలో గుమస్తా. అందరూ “నినాదం” అని పిలుస్తారు, అతని మాటలన్నీ అట్టల మీద రాసి ఊరేగింపులో పట్టుకునేలా ఉంటాయి కాబట్టి. అక్క పడిన రోజే ఎమ్మెల్యేగా పోటీ చేస్తానన్నాడు. నామినేషన్ ఫారం మీద పదిమంది సంతకాలు కావాలి. తొమ్మిది దొరికేసరికి చెప్పులరిగాయి. ప్రతివాడూ ఏ కుర్చీ ఎక్కుతావనే అడిగాడు. నేను మాటలివ్వను, మీ తరఫున అడుగుతానని అతను అంటే, అడగడానికి అంత దూరం పోవడమెందుకు, ఇక్కడే అడగమన్నాడు టీకొట్టు ఆయన.

ఆఖరి రోజు వచ్చేసింది. మధ్యాహ్నం మూడింటికి గడువు. పదో సంతకం అక్కది.

“పెట్టక్కా.”

“పెట్టను. పన్నెండో కుర్చీ పడిందంటే నా బిందె కూడా పట్టదు.”

“నేను కుర్చీ ఎక్కను. ప్రజల గొంతునవుతాను.”

“గొంతు సరేరా. అందులో పోసుకోవడానికి నీళ్లేవి?”

అంతలో బ్యాండు వినిపించింది. పెద్ద రోడ్డు తవ్వి వదిలేశారు కాబట్టి ఎమ్మెల్యే నామినేషన్ ఊరేగింపు ఈ సందులోంచే పోవాలి. నినాదం నాలుగు పేజీల వినతిపత్రం పట్టుకుని ఎదురెళ్లి నిలబడ్డాడు. చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ అంతా చరిత్రే. రెండో పేజీలో శ్రమించే చేతులు, పిడికిళ్లు. ఎండ మాడ్చేస్తోంది. ఎమ్మెల్యే నవ్వు ముఖం మీదే వాడిపోయింది. ఎన్ని సందుల్లో ఎన్ని కుర్చీలెక్కాడో ఆయనకే గుర్తులేదు. పక్కనే నీడలో ఒకటి కనిపిస్తే కూలబడ్డాడు.

మూడో పేజీ అయ్యాక, “బాగా రాశావు తమ్ముడూ, నాకు ఆలస్యమవుతోంది” అంటూ లేవబోయాడు. కుర్చీ వదల్లేదు. మళ్లీ లేవబోయాడు. వదల్లేదు.

కుర్చీలు అద్దెకిచ్చే పెద్దాయన వంగి కింద ఎర్ర రంగుతో తను వేసిన అంకె చూశాడు.

“పదిహేడో నెంబరండీ. మీదే.”

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకరు గొడుగు తెచ్చారు, ఒకరు మంచినీళ్లు తెచ్చారు, అవీ అక్క మోసినవే. ఈ సందులోకి రానివ్వొద్దని అన్నారు గానీ బయటికి పోనివ్వమని అయితే అనలేదు కదా అని టీకొట్టు ఆయన గుర్తుచేశాడు. ఎమ్మెల్యే బావమరిది వాచీ చూసుకున్నాడు. బావగారూ మీరు కూర్చోండి, ఖాళీ ఫారం ఒకటుంది, నా పేరు నింపుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు. బ్యాండు ఆయన వెనకే పోయింది.

నాలుగో పేజీ పట్టుకుని నినాదం అలాగే నిలబడ్డాడు. అక్క కుంటుకుంటూ వచ్చి కాగితాలు లాక్కుంది.

“ఇందులో నీళ్లు ఏ రోజుకి కావాలో ఎక్కడుంది?”

అతను వెతికాడు. నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

“తేదీ లేకుండా అడిగితే వాళ్లు తీరిగ్గానే చెబుతారు. ఆ పిడికిళ్లన్నీ కొట్టేసి అది రాయి.”

అతని ముఖం ఎర్రబడింది. అక్క మోకాలు చూశాడు. నేల మీద కూర్చుని చివరి పేజీ వెనకవైపు రాశాడు. అక్క చదివింది. కలం తీసుకుని ఫారం మీద పదో సంతకం పెట్టింది. తర్వాత అతని ఉత్తరం కింద, దుప్పట్ల చీటీల మీద రాసే పెద్ద పెద్ద అక్షరాలతో తనూ ఓ ముక్క చేర్చి ఎమ్మెల్యే ఒళ్లో పెట్టింది.

“ఎమ్మెల్యే గారికి. ఈ సందుకి పైపు ఎప్పుడు వేస్తారు? ఏప్రిల్ పద్దెనిమిది, అంటే ఓట్ల లెక్కింపు మర్నాడు, సాయంత్రం అయిదింటిలోపు రాసి సంతకం పెట్టి ఇవ్వండి.

మా తమ్ముడు గెలిచినా ఓడినా వాడికీ ఇదే ప్రశ్న. వాడికీ ఏప్రిల్ పద్దెనిమిదే.”