కంటి కొసన నల్ల గుండీ

"అక్కడ గుండీ లేదు," అన్నారు మా ఆయన, అప్పటికి నాలుగోసారి.

"ఉంది నాన్నా. నువ్వు వంతెన దిగకముందే పెట్టాను."

"దిగకముందే పెడితే నాకు కనపడదా?"

"కనపడలేదుగా. అందుకే తోడేళ్ళు మీద పడ్డాయి."

"పడింది నా మీద," అన్నాడు మా మరిది, నిజంగానే కరిచినట్టు మోకాలు పట్టుకుని. "దొంగతనానికని వచ్చి తోడేలు నోట్లో పడ్డాను. గుండీ సంగతి తర్వాత, ముందు నా కాలు సంగతి తేల్చండి."

"నీ కాలికేం, మంత్రం వేస్తాలే," అన్నారు అత్తయ్య. "మీ అన్న నోటికే మంత్రం లేదు నా దగ్గర."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి ఈ ఆటకి కూర్చోవడం మా ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది. మా అమ్మాయి కాలేజీలో స్నేహితుల దగ్గర నేర్చుకొచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. అడవులు, కొండలు దాటుకుంటూ ఎక్కడికో పోతుంటారు. మా ఆయన కత్తివీరుడు, మరిది దొంగ, అత్తయ్య మంత్రగత్తె. ఆ వేషం ఆవిడే అడిగి పుచ్చుకున్నారు, నేనిచ్చింది కాదు. నేను దారి గీసే మనిషిని. బట్టలు కుట్టేదాన్ని కనక గీత తిన్నగా వస్తుందని ఆ పని నాకు పడింది. కథ నడిపేది, తగవులు తీర్చేది అమ్మాయే కాబట్టి బల్ల దగ్గర తనని జడ్జిగారంటాం.

ప్రయాణంలో ఒక్కొక్కరు ఒక్కో పని మీద ఉంటారు. ముందు నడిచేవాడు ముందూ పక్కలా కనిపెట్టుకోవాలి. వెనక నడిచేవాడు వెనక చూడాలి. దారి గీసేవాళ్ళు కాగితంలో తల దూర్చి ఉంటారు కాబట్టి వాళ్ళకి ఏ ప్రమాదమూ కనపడనట్టే. కనపడినా నోరెత్తకూడదు. అసలు ఆటలో ప్రమాదాన్ని ఎవరు పసిగట్టారో పాచికలు తేలుస్తాయట. అత్తయ్య దానికి ససేమిరా అన్నారు. "శుక్లాలు తీయించుకున్నాక సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా. నా చూపు ఎంతో చెప్పడానికి పాచిక ఎవత్తె?" అన్నారు. అప్పట్నించి మేం నా కుట్టు డబ్బాలోని నల్ల గుండీలతో ఆడుతున్నాం. బల్ల మీద ముదురాకుపచ్చ గుడ్డ పరుస్తాం. దాని మీద మా అమ్మాయి కథ చెబుతూ చెబుతూ చప్పుడు కాకుండా ఒక గుండీ పెడుతుంది. అది పొంచి ఉన్న ప్రమాదం. ఎవరి వైపు పెట్టిందో వాళ్ళు మూడు అడుగుల లోపు చూసి "ఆగండి" అనాలి. పక్కవాళ్ళు అందివ్వకూడదు.

ఇంకో నియమం మా ఆయన పెట్టారు. ముందు నడిచేవాడు తల తిప్పకూడదు. చూపు దారి మీద నడిచే బొమ్మ మీదే ఉండాలి, మిగతాదంతా కంటి కొసన చూసుకోవాలి. "ప్రతిదానికీ తల తిప్పేవాడి చేతిలో బండి పెడితే కాలవలో ఉంటుంది," అన్నారు. ఆయన ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నారు. ముందు నడిచే పని ఇంకొకరికి ఇవ్వడమన్న మాటే ఎప్పుడూ రాలేదు.

"కిటికీ వెలుతురు గుడ్డ మీద పడుతోంది," అన్నారాయన ఇప్పుడు. "నల్ల గుండీ మెరిసిపోయి గుడ్డలో కలిసిపోతోంది. నాదేం తప్పు లేదు."

"పోయిన వారం మబ్బుగానే ఉందిగా నాన్నా."

"పోయిన వారం నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు."

అమ్మాయి నా వంక చూసింది. నేను కాగితం మీద వంతెన గీస్తున్నాను. గీసిన వంతెననే మళ్ళీ గీస్తున్నాను.

పోయిన వారం చెయ్యి అడ్డం లేదు. అంతకు ముందు వారం కూడా లేదు. ఆ గుండీలు నాకు కనపడ్డాయి. మూడు వారాల్లో ఆయన చూడలేకపోయినవన్నీ ఎడమవైపువే. ఆట నియమం నా నోరు కట్టేసిందని నాకు నేను చెప్పుకున్నాను. మరి ఇంట్లో ఏ నియమం ఉంది? కొన్ని నెలలుగా మంచినీళ్ళ గ్లాసు ఆయన కుడివైపు పెడుతున్నాను. ఎడమవైపు పెడితే మోచేయి తగిలి పడిపోతోందని. గుమ్మానికి ఎడమ పక్కనున్న చెప్పుల స్టాండు పెరట్లోకి మార్చాను, రెండుసార్లు కాలికి తగిలిందని. ఎందుకు మారుస్తున్నానో అడిగినవాళ్ళు లేరు, నన్ను నేనూ అడగలేదు. ఒకసారి మాత్రం, "ఓసారి కళ్ళు చూపించుకోకూడదూ," అన్నాను. "బస్సు మీద ఒక్క గీత పడిందేమో చూసొచ్చి మాట్లాడు," అన్నారు. గురువారం ఆ గీత పడింది. స్కూలు గేటుకి ఎడమవైపు అద్దం రాసుకుందన్నారు. వాచ్‌మన్ గేటు సగమే తెరిచాడన్నారు.

రేపు పొద్దున్న ఆరింటికి ముప్ఫై మంది పిల్లల్ని ఎక్కించుకుని కొండ మీదకి వెళ్ళాలి. విహారయాత్ర. ఇస్త్రీ చేసిన యూనిఫాం తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. దారంతా ఒక పక్క లోయ, మలుపులు. పిల్లలు ఎక్కి దిగే తలుపు బస్సుకి ఎడమవైపే ఉంటుంది.

"వెలుతురే అయితే కుర్చీ మారండి," అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. "కిటికీకి వీపు పెట్టి కూర్చోండి."

"అదీ మాట. మీ అమ్మకి తెలుసు, నీకు తెలీదు," అని అమ్మాయిని దెప్పి ఆయన లేచి అత్తయ్య కుర్చీలోకి మారారు. అత్తయ్య సణుక్కుంటూ ఇటొచ్చారు. "కుర్చీ ఇస్తున్నా కదాని రాజ్యం ఇచ్చాననుకునేవు," అన్నారు. వెలుతురు ఇప్పుడు ఆయన వెనక నించి గుడ్డ మీద సమంగా పడుతోంది.

"వంతెన దాటారు," అంది జడ్జిగారు. "ముందు రాళ్ళ దారి. రెండు పక్కలా పొదలు."

ఆయన బొమ్మని వేలితో జరుపుతున్నారు. ఒక అడుగు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఎడమ చేత్తో ఆయన కుడి పక్క అంచున గుండీ పెట్టింది.

"ఆగండి," అన్నారాయన వెంటనే. "కుడి పక్క పొదలో ఉంది."

"పాము. తప్పించుకున్నారు."

"చూశారా?" అని నవ్వారు. "చెప్పానా వెలుతురని. ఇక పదండి, నడవండి."

మరిది కూడా నవ్వాడు. "అమ్మయ్య, నా రెండో కాలు బతికింది."

నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. వెలుతురే అయ్యుండొచ్చు. ఇన్నాళ్ళూ లేనిపోనిది ఊహించుకున్నానేమో. పెన్సిలు పట్టుకున్న వేళ్ళు కాస్త వదులయ్యాయి.

"దారి సన్నబడింది," అంది అమ్మాయి. ఈసారి తన కుడి చెయ్యి కదిలింది. గుండీ ఆయన ఎడమ మోచేతికి జానెడు దూరంలో పడింది. ఆయన బొమ్మని జరిపారు. ఒకటి. రెండు. మూడు.

అమ్మాయి తోడేళ్ళ సంగతి ఎత్తలేదు. "దూరంగా నీళ్ళ చప్పుడు," అని మాత్రం అంది. అంటూ ఇంకో గుండీ పెట్టింది, మొదటిదాని పక్కనే. ఆయన నడుస్తూనే ఉన్నారు. నీళ్ళంటే బాటలో జారుడు ఉంటుంది, మంత్రగత్తెగారు చెప్పులు విప్పుకోవాలి అని జోకులు వేస్తున్నారు. మూడో గుండీ పడింది. నాలుగోది పెట్టబోతే చేతిలోంచి జారి గుడ్డ మీద దొర్లి ఆయన ఎడమ మణికట్టుకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది.

మరిది మోకాలి మీద నించి చెయ్యి తీసేశాడు. అత్తయ్య నా మొహం చూశారు, నేను ఆవిడ మొహం చూశాను. ఆ చూపులో తెలిసింది, ఆవిడకీ ఎప్పట్నించో అనుమానమేనని. ఆయన్ని ఎడమవైపు నించి పిలవడం ఆవిడ ఎప్పుడో మానేశారని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏంటి, అందరూ నోట్లో నీళ్ళు పోసుకున్నారు?" అన్నారాయన, కళ్ళు బొమ్మ మీదే ఉంచి. "జడ్జిగారూ, కథ చెప్పండి. ఎంతసేపు నడవాలి?"

అమ్మాయి గుండీల డబ్బా మూత పెడుతోంది, తీస్తోంది.

నేను పెన్సిలు కింద పెట్టాను. గీస్తున్న కాగితం మడిచాను.

"నేనింక దారి గీయను," అన్నాను.

"అదేంటి వదినా, మధ్యలో?" అన్నాడు మరిది. వాడికి అర్థమైంది, అయినా ఇంకెవరైనా ఆపుతారేమోనని ఆశ.

"గీయకపోతే నేను మాట్లాడొచ్చు కదా జడ్జిగారూ?"

అమ్మాయి తలూపింది.

"ఏవండీ, ఆగండి," అన్నాను. "మీ ఎడమవైపు నాలుగు గుండీలున్నాయి."

ఆయన వేలు బొమ్మ మీదే ఆగింది. తల తిప్పి చూశారు. ఒక్కోదాన్నీ వేలితో తాకారు, అవి గుండీలేనా అన్నట్టు. నాలుగోది మణికట్టుకి తగిలింది.

"అందరూ కూడబలుక్కున్నారన్నమాట," అన్నారు. గొంతు పెద్దది కాలేదు, అందుకే నాకు భయం వేసింది. "ఇప్పుడు పెట్టి ఇందాకణ్ణించీ ఉన్నాయంటున్నారు. ఏమ్మా, ఈ నాటకం నీదేనా?"

"నా కొడుకు మీద నాకేం నాటకంరా," అన్నారు అత్తయ్య. "ఉన్నాయి. నా కళ్ళతో చూశా."

"నీకు కనపడ్డాయి, నాకు కనపడలేదు. అంతేనా?"

గోడ మీద గడియారం ముల్లు నాలుగు దాటింది. ఆయన కుర్చీ వెనక్కి నెట్టారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళిపోతే రేపు పొద్దున్న ఐదింటికి లేచి యూనిఫాం వేసుకుంటారు, నేను టిఫిను డబ్బా సర్దుతాను, ఇంక ఈ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. నా చెయ్యి దానంతటదే బల్ల అంచు పట్టుకుంది.

ఆయన వెళ్ళలేదు. గుండీలు నాలుగూ ఏరి అమ్మాయి ముందుకి తోశారు.

"నీ ముక్కు చూస్తూ కూర్చుంటాను. కదలను. ఒకటి పెట్టు. ఎటు పెడుతున్నావో చెప్పకు."

"నాన్నా, వద్దు."

"పెట్టమన్నానా."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని ఆయన మొహం వైపు తిరిగింది. కుడి చెయ్యి మెల్లగా చాపి ఆయన ఎడమవైపు గుండీ పెట్టి వెనక్కి తీసుకుంది. మేం ముగ్గురం చూస్తున్నాం. ఆయన రెప్ప వాల్చకుండా కూర్చున్నారు. ఎదురుచూస్తున్నారు. చాలాసేపు అలా ఎదురుచూశారు.

"ఇంకా పెట్టవేంటి?" అన్నారు.

"పెట్టాను నాన్నా."

ఆయన తల తిప్పలేదు. అమ్మాయి ముక్కునే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి చెయ్యి ఎడమవైపు పాకించి, తడిమి, గుండీని దొరకబుచ్చుకుని అరచేతిలో మూసుకున్నారు.

మరిది లేచి మంచినీళ్ళు తెచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలీక గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నేను అందుకుని కుడివైపు పెట్టాను. ఆయన గ్లాసు చూశారు, నన్ను చూశారు.

"ఎన్నాళ్ళయింది, ఇటు పెట్టడం మొదలుపెట్టి?"

"ఎండాకాలం నించి."

"చెప్పొచ్చుగా."

"చెప్పాను ఒకసారి. గట్టిగా చెప్పలేదు. నాదే తప్పు."

"నువ్వు గట్టిగా చెబితే నేను వినేవాణ్ణా," అన్నారు. నీళ్ళు తాగలేదు. గ్లాసు అంచు వేలితో రాస్తూ బల్లకి చెబుతున్నట్టు మొదలుపెట్టారు. "గురువారం జరిగింది గేటు ఒక్కటే కాదు. గేటు తర్వాత రాసుకుంది. ముందు, మూడో స్టాపులో ఒక పాప దిగింది. బుక్కో పెన్సిలో పడేసుకున్నట్టుంది, తలుపు పక్కనే వంగింది. నేను బండి కదిపాను. ఆయా బస్సు రేకు మీద దబదబా బాదితే ఆపాను. పాపకేం కాలేదు. ఆయా నన్నేం అనలేదు. నేనే, ఆ పిల్ల చిన్నది, అద్దంలో అందదు, ఎవరికైనా కనపడదు అనుకున్నా. నాలుగు రోజుల్నించి అదే అనుకుంటున్నా."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మాయి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఎడమ చేతి మీద. ఆయన ఉలిక్కిపడ్డారు. తర్వాత ఆ చెయ్యి తియ్యకుండా ఉంచుకున్నారు.

"రేపటికి ఇంకో డ్రైవరు దొరుకుతాడా అన్నయ్యా?" అన్నాడు మరిది.

"దొరక్కపోతే యాత్ర వాయిదా వేస్తారు. పిల్లలు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ."

"ఉద్యోగం..." అన్నారు అత్తయ్య, ఆ మాట పూర్తి చెయ్యకుండానే వదిలేశారు.

ఆయన అరచేయి తెరిచారు. గుండీ చెమటకి అంటుకుపోయి ఉంది. దాన్ని తీసి డబ్బాలో వేశారు. కత్తివీరుడి బొమ్మని వరస ముందు నించి తీసి మధ్యలో, మంత్రగత్తె పక్కన నిలబెట్టారు. ముందు చోటు ఖాళీగా ఉంది. నా బొమ్మ కాగితం దగ్గర పడి ఉంటే దాన్ని తీసి ఆ ఖాళీలో పెట్టారు. అప్పుడు మా అందరి మొహాలూ చూశారు, ఎడమ చివర కూర్చున్న తమ్ముడి మొహం చూడ్డానికి తల పూర్తిగా తిప్పి.

"రేపు బండి నేను తియ్యను," అన్నారు, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "స్కూలుకి ఇప్పుడే ఫోను చేస్తా. పొద్దున్నే మీ అమ్మా నేనూ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఆయన సరేననేదాకా బస్సు తాళాలు ఈ ఇంట్లో ఉండవు."