బడి బోరింగుకు ఎర్ర రంగు

మా ఆయన నాగబాబు పనిచేసే నీళ్ల సంస్థలో ఒక పద్ధతుంది. రెండు మూడు నెలల కన్సల్టెంట్ పనులుంటే ముందు ఉద్యోగుల భార్యలకో భర్తలకో ఇస్తారు. ఆ ఉద్యోగి మానేస్తే వీళ్ల పేరూ కొట్టేస్తారు. కాకినాడలో ఆరేళ్లు ల్యాబులో నీళ్లు పరీక్షించినదాన్ని, రాయ్‌పూర్ వచ్చాక తొమ్మిదేళ్లు గరిటె తిప్పాను. అందుకే బళ్లలో బోరింగు నీళ్లు పరీక్షించే పని రాగానే ఎగిరి గంతేశాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

అభన్‌పూర్ అవతల ఒక బడి బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. ఒకటిన్నర దాటితే తాగకూడదు. మూడుసార్లు చూశాను, అదే. నిరుడు ఆ నీళ్లు మంచివని సంతకం పెట్టింది మా ఆయనే.

నా రిపోర్టుకి ఆఫీసు నాకు జవాబివ్వలేదు. మొగుడి చేత కబురంపింది!

"ఘర్ మే హీ సెటిల్ కర్ లో అన్నారు సారు. ఇంట్లోనే తేల్చుకోమని. ఆ మూడు తీసి సున్నా పెట్టు, అయిపోద్ది," అన్నాడు నాగబాబు అన్నం కలుపుకుంటూ.

"మీ సారుకి నోరు లేదా? నాతో చెప్పమను."

"నువ్వెవరని చెప్తాడు? నా మిస్సెస్‌వని ఇచ్చారు పని. నా నౌకరీ పోతే నీదీ పోద్ది, ఎక్కిందా బుర్రకి?"

నాకు తల కొట్టేసినట్టయింది. కంచం ముందునుంచి లేచిపోయాను.

మర్నాడు గుఢియారీ బజారులో ఎర్ర పెయింటు, కుంచె కొని బస్సెక్కాను. తాగకూడని బోరింగుకి ఎర్ర రంగు వెయ్యాలని నా కాంట్రాక్టులోనే ఉంది. బడిలో హెడ్మాస్టరమ్మ నా రిపోర్టు కాగితం చూసి, ట్యాంకరు కోసం పంచాయతీకి ఫోన్ చేసింది.

సగం రంగు పడేసరికి నాగబాబు బండి మీద ఊడిపడ్డాడు. వస్తూనే కుంచె లాక్కోబోయాడు.

"పాగల్ అయిపోనావేటే! నువ్వు రంగేస్తన్న ఫోటో సారుకి ఎళ్లిపోయింది. ఇద్దరం రోడ్డున పడతాం!"

"పడదాం. ఈ పిల్లల కాళ్లు వంకర పోయేకన్నా అదే నయం."

"ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"ఇది నా డ్యూటీ. అడ్డం తప్పుకో!"

అతను కదల్లేదు. ఈలోగా ఒక చిన్నపిల్ల ఖాళీ సీసాతో వచ్చి బోరింగు కొట్టబోయింది. నేను అరిచేలోపే నాగబాబు దాని చెయ్యి పట్టుకున్నాడు.

"మత్ పీనా బేటా," అంటూ తాగొద్దన్నాడు.

"ఆ మాటే వెళ్లి మీ సారుకి చెప్పు," అన్నాను.