వికెట్ కీపర్ లేని నలభై తొమ్మిది కార్డులు

పాతకాలం సిగరెట్ పెట్టెల్లో వచ్చిన క్రికెట్ కార్డులకు విలువ కట్టడం భూతద్దం బాబాయి పని. అచ్చాఫీసు మేడ మీద గది ఆయనది. పొద్దున్నే బల్లని కిటికీ పక్కకి జరుపుకుని, ఒక్కో కార్డు నాలుగు మూలలూ చూసేవాడు. వెనక అచ్చు చదివేవాడు. రంగు ఎంత వెలిసిందో కాయితం మీద రాసుకునేవాడు. చివర్న సెట్టంతా పక్కపక్కన పేర్చి, ఆట ఎలా నడుస్తోందో కాసేపు చూసేవాడు. ఒకే సెట్టు కార్డులు దగ్గరగా చేరితే అందులోని ఆటగాళ్లు ఆడుకుంటారన్నది సేకరించేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

రిటైరైన బస్సు కండక్టర్ గారి దగ్గర ఒక సెట్టుంది. మొత్తం యాభైలో నలభై తొమ్మిది దొరికాయి. వికెట్ కీపర్ మాత్రం ముప్పై ఒక్క ఏళ్లు వెతికినా దొరకలేదు. కీపర్ లేక ఆవగింజంత ఎర్ర బంతులన్నీ ఆల్బమ్ దాటి గదంతా దొర్లేవి. "నాన్నా, మీవాళ్ల బంతులు ఊడ్చలేక చస్తున్నాను" అని కూతురు రోజూ సణిగేది. గడ్డం పెద్దాయన అనే బ్యాట్స్‌మన్ ఇదే అదనుగా ప్రతి బంతినీ వెనక్కి తడుతూ అన్నేళ్లూ ఔట్ కాకుండా నిలబడ్డాడు. సెట్టు మొత్తంలో అన్నిటికన్నా విలువైన కార్డు అతనిదే.

ఒకరోజు రిటైరైన నర్సమ్మ ఒకావిడ బాబాయి దగ్గరికొచ్చి కళ్లజోడు పెట్టె తెరిచింది. అందులో ఒకే ఒక్క కార్డు.

"మా నాన్నదండీ. ఎల్లుండి ఊరొదిలి మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాను. ఇది ఎవరికైనా పనికొస్తుందేమో చూస్తారా?"

బాబాయి భూతద్దం పెట్టి చూశాడు. గ్లవ్స్ తొడుక్కున్న మనిషి, మోకాళ్లు వంచి, రెండు చేతులూ చాచి కూర్చున్నాడు.

"నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అలాగే కూర్చున్నాడు" అంది నర్సమ్మ. "ఒక్క బంతీ రాలేదు పాపం. ఆ మోకాళ్లు ఎంత పీకుతున్నాయో!"

కండక్టర్ గారి సెట్టులో లేని కీపరే! బాబాయి వెంటనే ఆయనకి ఫోన్ కలిపాడు. ఫోన్ చేసిన పావుగంటకి కండక్టర్ గారు ఆల్బమ్ చంకలో పెట్టుకుని, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని, రెండేసి మెట్లెక్కుతూ వచ్చిపడ్డారు.

"ఆగండి" అన్నాడు బాబాయి. "కీపర్ వస్తే సెట్టు నిండుతుంది, నిజమే. కానీ గడ్డం పెద్దాయన ఔటైతే ఆయన కార్డు ఖాళీ అవుతుంది. ఖాళీ కార్డున్న సెట్టుకి నేను విలువ కట్టలేను. ఆలోచించుకోండి."

కండక్టర్ గారు నర్సమ్మ వైపు తిరిగారు. "మీరేమంటారమ్మా?"

"ముందు ఈ కీపర్ని లేచి నిలబడనివ్వండి" అంది నర్సమ్మ.

కండక్టర్ గారు కార్డుని ఖాళీ అరలోకి జారవిడిచారు. బౌలర్ పరిగెత్తుకొచ్చాడు. గడ్డం పెద్దాయన అలవాటుగా వెనక్కి తట్టబోయి గురి తప్పాడు. టప్! బంతి కీపర్ చేతిలో పడింది. ముగ్గురూ ఒక్కసారిగా కేక పెట్టారు. ఆ అరుపుకి కింద అచ్చు యంత్రం ఆగిపోయింది.

రెండోది, మూడోది, నాలుగోది. కీపర్ ఒక్కటీ వదల్లేదు. ఐదో బంతికి బ్యాటు అంచున టిక్కుమంది. కీపర్ పక్కకి ఎగిరి ఒంటిచేత్తో పట్టేశాడు. జట్టంతా చేతులెత్తింది. ఆ సెట్టులో అంపైర్ కార్డంటూ లేదు. తగాదా వస్తే ఆల్బమ్ యజమానిదే తీర్పు. అందరూ తలలెత్తి కండక్టర్ గారి వంక చూశారు.

"నాకేం వినపడలేదు" అన్నాడు బాబాయి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"తగిలింది" అంది నర్సమ్మ మెల్లిగా.

కండక్టర్ గారికీ వినపడింది. నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. గడ్డం పెద్దాయన మొహంలోకి ఒకసారి చూసి, చూపుడువేలు పైకెత్తారు.

గడ్డం పెద్దాయన నవ్వాడు. టోపీ తీసి అందరికీ ఊపి, బ్యాటు చంకలో పెట్టుకుని, కార్డు అంచు దాటి వెళ్లిపోయాడు. వెనక పచ్చగడ్డి మిగిలింది. కండక్టర్ గారి కళ్లు చెమర్చాయి. తుడుచుకునేలోపే, కింది వరసలో నూరేళ్లుగా ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న ఓ సన్నటి కుర్రాడు లేచాడు.

"ఎడంచేతి వాటం!" అని గెంతాడు బాబాయి.

వచ్చిన మొదటి బంతినే కుర్రాడు బాదితే, అది కిటికీ దాటి వీధిలో పడింది. కండక్టర్ గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన సిక్సర్ చూడటం అదే మొదలు.

కాస్త ఊపిరి తీసుకున్నాక ఆయనే అన్నారు. "అమ్మా, కార్డు మీది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్లండి."

నర్సమ్మ చెయ్యి చాచింది. కీపర్ నిలబడి నడుం సాగదీసుకుంటూ, బౌలర్‌తో ఏదో చెప్పి పగలబడి నవ్వుతున్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ ఇన్నింగ్స్ అయ్యేదాకా ఉంటాలెండి."

"ఇంకా తొమ్మిది వికెట్లున్నాయమ్మా" అన్నాడు బాబాయి. "మొదటిదానికే ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది."

నర్సమ్మ అప్పటికే చెల్లెలికి ఫోన్ కలిపింది. "ఇప్పట్లో రాలేనే. లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ ఆట మంచి రసపట్టులో ఉంది."

కండక్టర్ గారు ఆల్బమ్ బాగా కనపడేలా తన కుర్చీ పక్కకి జరిపి, ఆవిడకి చోటిచ్చారు.